హెచ్‌ఐవీ మందులు వాడేవాళ్లకు సెలీనియం మాత్రలు కావాలా?

మీరు అడిగింది క్లుప్తంగా: మీ ఆయన నాలుగేళ్లుగా ఏఆర్‌టీ మందులు, అంటే హెచ్‌ఐవీని అణిచి ఉంచే మందులు, వాడుతున్నారు. ఇప్పుడు వేసుకునేది రాత్రి పూట ఒక్క టీఎల్‌డీ మాత్ర (మూడు హెచ్‌ఐవీ మందులు కలిపిన మాత్ర). చీమకుర్తి వైపు గ్రానైట్ లారీ తోలతారు. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పరీక్ష, ‘టార్గెట్ నాట్ డిటెక్టెడ్’ (వైరస్ కనిపించలేదు) అని వచ్చింది. అయినా నీరసం, సాయంత్రానికి కాళ్ల పీకులు. ఊళ్లో తెలిసినాయన ఒకరు ఫోన్‌లో వీడియో చూపించి, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల ఒంట్లో సెలీనియం అడుగంటిపోతుందని, మాత్రలు వాడితే సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) పెరుగుతుందని చెప్పి డబ్బా అంటగట్టారు. నెలకు 1,800 రూపాయలు. వాడాలా, మానాలా?

మీ ఆయనకు విడిగా సెలీనియం మాత్ర అక్కర్లేదు. వైరస్ అదుపులో ఉండి, రోజూ రెండు పూటలా అన్నం తింటూ, అప్పుడప్పుడూ గుడ్డో చేపో తినే మనిషికి కావలసిన సెలీనియం కంచంలోనే దొరుకుతుంది. ఆ డబ్బుతో నెలంతా ఇంటిల్లిపాదీ గుడ్లు తినొచ్చు. కానీ రెండు విషయాలు పక్కన పెట్టకూడదు. ఒకటి, ఆ నీరసానికి అసలు కారణం ఇంకేదో ఉంటుంది, దాన్ని వెతకాలి. రెండు, ఆ డబ్బా మీద సెలీనియంతో పాటు ఇంకేమేం రాసి ఉన్నాయో చూడాలి. నాకు భయం ఆ రెండో దాంతోనే.

నేను నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చాలా ఏళ్లు ఏఆర్‌టీ డాక్టరుగా పనిచేశాను. ఈ సెలీనియం ప్రశ్న ఏడాదికోసారి కొత్త వేషంలో వస్తూనే ఉంటుంది. ఒకప్పుడు కరపత్రం, తర్వాత వాట్సాప్ మెసేజ్, ఇప్పుడు వీడియో. అందులో చెప్పేదంతా అబద్ధమైతే కొట్టిపారేయడం తేలిక. సగం నిజం ఉంది, చిక్కంతా అక్కడే.

ఆ సగం నిజం ఏమిటంటే, సెలీనియం ఒంటికి నిజంగానే కావాలి. కణాల్లో పుట్టే విషపదార్థాలను విరిచే గ్లూటథయోన్ పెరాక్సిడేజ్ లాంటి ఎంజైములు అది లేకుండా పనిచేయవు. థైరాయిడ్ హార్మోన్ పనిలోకి రావాలన్నా అది కావాలి. చైనాలో కెషాన్ అనే ప్రాంతంలో నేలలోనే సెలీనియం తక్కువ కావడంతో పిల్లలకు, పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లకు గుండె జబ్బు వచ్చేది. ఇక హెచ్‌ఐవీ సంగతి: 1997లో అమెరికాలోని మయామీ నుంచి ఒక అధ్యయనం వచ్చింది. సెలీనియం లోపం ఉన్న హెచ్‌ఐవీ రోగుల్లో, లోపం లేనివాళ్లతో పోలిస్తే మరణాల ముప్పు దాదాపు పది రెట్లు కనిపించింది. వీడియోలో చెప్పేది ఇదే అయ్యుంటుంది.

వీడియోలో చెప్పనిది కూడా ఉంది. ఆ మయామీ మనుషుల దగ్గర ఇప్పటి మందులు లేవు. వైరస్‌ను ఆపేది లేనప్పుడు ఒంట్లో ఎప్పుడూ మంట లాంటి స్థితి ఉంటుంది, విరేచనాలు పట్టుకుంటాయి, నోట్లో పుండ్లతో ముద్ద దిగదు. ఆ స్థితిలో రక్తంలో సెలీనియం, జింకు రెండూ పడిపోతాయి. ఏ ఇన్ఫెక్షన్ ముదిరినా అవి పడిపోయేవే. అంటే సెలీనియం తగ్గినందువల్ల జబ్బు ముదిరిందా, జబ్బు ముదిరినందువల్ల సెలీనియం తగ్గిందా అన్నది ఆ లెక్కల్లోంచి తేలదు. రెండూ కొంత కొంత నిజమే కావచ్చు.

అది తేల్చడానికే తర్వాత మాత్రలిచ్చి చూశారు. బోట్స్వానాలో 878 మంది మీద చేసి 2013లో ఫలితాలు ఇచ్చారు. విటమిన్లు, సెలీనియం కలిపి ఇచ్చినవాళ్లలో జబ్బు ముదరడం తగ్గింది. సెలీనియం ఒక్కటే ఇచ్చినవాళ్లలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. రువాండాలో 300 మందికి రోజుకు 200 మైక్రోగ్రాములు చొప్పున రెండేళ్లు ఇచ్చారు. 2015లో వచ్చిన ఆ ఫలితాల్లో సీడీ4 పడిపోయే వేగం తగ్గింది, వైరల్ లోడ్‌లో మాత్రం మార్పు లేదు. ఇక్కడ గమనించాల్సింది ఒక్కటే: ఈ రెండు చోట్లా తీసుకున్నది అప్పటికి ఏఆర్‌టీ మొదలుపెట్టని వాళ్లను. సీడీ4 ఫలానా అంకెకు పడేదాకా మందులు ఇవ్వని కాలం అది. ఆ ఎదురుచూపుల్లో మనిషిని కొంతకాలం నిలబెట్టే చవకైన ఉపాయం ఏదైనా ఉందా అని వెతికారు. మన దేశంలో 2017 నుంచి పాజిటివ్ అని తేలగానే, సీడీ4 ఎంతున్నా సరే, మందులు మొదలుపెడుతున్నారు. ఆ ఎదురుచూపే ఇప్పుడు లేదు.

మరి ఏఆర్‌టీ వాడుతున్నవాళ్లకు ఎక్కువ మోతాదులో విటమిన్లు ఇస్తే? అదీ చూశారు. టాంజానియాలో, దార్ ఎస్ సలాంలో, మందులు మొదలుపెడుతున్న 3,418 మందిలో సగం మందికి బీ కాంప్లెక్స్, సీ, ఈ విటమిన్లు మామూలు మోతాదులో, మిగతా సగానికి చాలా ఎక్కువ మోతాదులో ఇచ్చారు. ఎక్కువ మోతాదు వల్ల అదనపు లాభం లేదు సరికదా, లివర్ పరీక్షలో ఏఎల్‌టీ పెరిగినవాళ్లు ఎక్కువయ్యారు. అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. ఫలితాలు 2012లో అచ్చయ్యాయి. అందులో సెలీనియం లేదు, నిజమే. కానీ ‘బలం మందే కదా, పోయేదేముంది’ అనే మాటకు అది జవాబు. అదే టాంజానియాలో అంతకుముందు పాజిటివ్ గర్భిణులకు విటమిన్ ఏ ఇచ్చి చూస్తే, తల్లి నుంచి బిడ్డకు వైరస్ సోకడం పెరిగింది. బలానికని ఇచ్చినదే బిడ్డకు చేటు చేసింది.

సెలీనియానికి ఇంకో గుణం ఉంది. అది ఎంత అవసరమో అంత కొద్దిగానే కావాలి. ఐసీఎంఆర్ లెక్క ప్రకారం మనవాళ్లకు రోజుకు 40 మైక్రోగ్రాములు చాలు. 400 దాటి రోజూ తీసుకోవద్దని అమెరికా వాళ్ల హద్దు. యూరప్ వాళ్లు 2023లో తమ హద్దును 255గా పెట్టారు. మార్కెట్లో దొరికే మాత్రల్లో 200 ఉండేవి మామూలే. ఒకాయన నా దగ్గరకు గోళ్లు పొడిపొడిగా రాలిపోతున్నాయని, జుట్టు ఊడుతోందని వచ్చారు. హెచ్‌ఐవీ వల్లనే అనుకుని బెంబేలెత్తిపోయారు. సంచిలోంచి డబ్బాలన్నీ బయట పెట్టించాను. ఇమ్యూనిటీకి ఒకటి, మగతనానికి ఒకటి, జుట్టుకు ఒకటి. మూడింట్లోనూ సెలీనియం ఉంది. పైగా నోట్లోంచి వెల్లుల్లి వాసన! ఆయన శాకాహారి, వెల్లుల్లి ముట్టరు. మూడూ ఆపేశాక కొన్ని నెలలకు కొత్త గోళ్లు గట్టిగా వచ్చాయి. అమెరికాలో 2008లో ఒక ద్రవ సప్లిమెంట్‌లో తయారీ పొరపాటు వల్ల లేబుల్ మీద రాసినదానికి దాదాపు 200 రెట్లు సెలీనియం పడి, సుమారు 200 మంది ఇలాగే జబ్బుపడ్డారు.

ఇక నేను భయం అన్న విషయానికి వస్తాను. టీఎల్‌డీ అంటే టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్. ఈ మూడింటిలో డోలుటెగ్రావిర్‌కు ఒక బలహీనత ఉంది. కాల్షియం, ఐరన్, జింకు, మెగ్నీషియం, అల్యూమినియం లాంటి ఖనిజాలతో కడుపులో కలిస్తే వాటికి అతుక్కుపోతుంది. రక్తంలోకి చేరాల్సిన మందు పేగుల్లోంచి అలాగే బయటికి పోతుంది. సెలీనియం ఒక్కటే ఉంటే ఈ గొడవ లేదు. కానీ సెలీనియం పేరుతో అమ్మే డబ్బాల్లో చాలావాటిలో జింకు, మెగ్నీషియం, ఒక్కోసారి ఐరన్, కాల్షియం కూడా కలిపే ఉంటాయి. ముందు పెద్దక్షరాల్లో సెలీనియం, వెనక చీమతలకాయంత అక్షరాల్లో మిగతావన్నీ.

కందుకూరు వైపు నుంచి ఒక డ్రైవరు వచ్చేవారు. క్రమం తప్పని మనిషి, మాత్ర ఒక్కటీ మానలేదు, లెక్క చూస్తే డబ్బాలో మిగిలిన మాత్రలు సరిగ్గా సరిపోయేవి. అయినా వైరల్ లోడ్ కనిపించడం మొదలైంది. కౌన్సిలర్ గుచ్చిగుచ్చి అడిగితే అప్పుడు బయటపడింది: రాత్రి దాబాలో కారంగా తిని, గ్యాస్ పట్టేస్తుందని సీసాలోంచి గులాబీ రంగు సిరప్ రెండు మూతలు తాగి, వెంటనే టీఎల్‌డీ, దాని మీదే ఒక మల్టీవిటమిన్. ఆ సిరప్ నిండా ఉండేది మెగ్నీషియం, అల్యూమినియమే. వేళలు మార్చాం, అంతే. తర్వాతి పరీక్షకు మళ్లీ అదుపులోకి వచ్చింది.

కాబట్టి వేళలు గుర్తుపెట్టుకోండి. ఖనిజాలున్న ఏ మాత్ర వేసుకున్నా, టీఎల్‌డీ దానికి రెండు గంటల ముందన్నా వేసుకోవాలి, లేదంటే ఆరు గంటల తర్వాతన్నా వేసుకోవాలి. రాత్రి తొమ్మిదికి టీఎల్‌డీ అయితే మిగతావన్నీ మధ్యాహ్నం భోజనంతో ముగించేస్తే ఏ తలనొప్పీ లేదు. కాల్షియం, ఐరన్ మాత్రలకు ఒక వెసులుబాటు ఉంది, కడుపు నిండా అన్నం తింటూ అయితే టీఎల్‌డీతో కలిపి వేసుకోవచ్చు. గ్యాస్ సిరప్‌కు ఆ వెసులుబాటు లేదు, అన్నంతో అయినా కలపకూడదు. గ్యాస్‌కు పాంటోప్రజోల్ లాంటి మాత్ర అయితే డోలుటెగ్రావిర్‌తో పేచీ లేదు. కానీ మీకు తెలిసినవాళ్లెవరైనా సెకండ్ లైన్‌లో (మొదటి మందులు పనిచేయనప్పుడు ఇచ్చేవాటిలో) అటాజనావిర్ వాడుతుంటే వాళ్లు పాంటోప్రజోల్ కూడా డాక్టరుని అడక్కుండా వేసుకోకూడదు. ఒకరికి పనికొచ్చింది ఇంకొకరికి పనికొస్తుందనుకోవద్దు.

గర్భిణుల సంగతి ఇక్కడే చెప్పేస్తాను, ఇది చదివేవాళ్లలో ఉండొచ్చు. పీహెచ్‌సీలో ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలు టీఎల్‌డీకి అడ్డం వస్తాయని విని మానేసేవాళ్లను చూశాను. మానొద్దు. పొద్దున టిఫిన్ తర్వాత కాల్షియం, మధ్యాహ్నం అన్నం తర్వాత ఐరన్, రాత్రి టీఎల్‌డీ. ఏఎన్ఎంకి పాజిటివ్ అని చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పనక్కర్లేదు, వేళ మీరే సర్దుకోవచ్చు.

ఇప్పుడు మీ ఆయన నీరసం. వైరల్ లోడ్ అంత బాగున్న మనిషికి నీరసం ఉంటే నేను సెలీనియం దాకా పోను. ముందు మామూలు కారణాలు చూస్తాను. లారీ తోలేవాళ్లలో మొదటిది నిద్ర లేకపోవడం, రెండోది తాగుడు. ఇవి మీకు తెలుసు, నేను చెప్పేదేం లేదు. ఆ తర్వాత హిమోగ్లోబిన్, షుగరు, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), విటమిన్ బీ12, విటమిన్ డీ. దగ్గు, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, వీటిలో ఏ ఒక్కటున్నా టీబీ పరీక్ష వెంటనే, మిగతావన్నీ తర్వాత.

ఈ పరీక్షల్లో ఏఆర్‌టీ వాళ్లకు ప్రత్యేకంగా కొన్ని మెలికలున్నాయి. డోలుటెగ్రావిర్ వాడేవాళ్లలో క్రియాటినిన్ కొద్దిగా పెరిగి అక్కడే ఆగుతుంది. అది కిడ్నీ దెబ్బతినడం వల్ల కాదు, ఆ మందు క్రియాటినిన్ బయటికి పోయే దారిని కాస్త మూస్తుంది. అయితే టెనోఫోవిర్ నిజంగానే కొందరికి కిడ్నీల మీద, ఎముకల మీద పనిచేస్తుంది. అందుకే అంకె పెరుగుతూ పోతుంటే ఊరుకోకూడదు. కాళ్ల పీకులు అంటున్నారు కాబట్టి విటమిన్ డీ చూడటం మంచిదే. ‘డ్రైవరుకు ఎండ తక్కువా’ అంటారేమో, క్యాబిన్ అద్దంలోంచి పడే ఎండకు విటమిన్ డీ తయారు కాదు. ఇంతకుముందు ఎఫావిరెంజ్ అనే హెచ్‌ఐవీ మందు ఉన్న మాత్ర కొన్నేళ్లు వాడి ఉంటే అది కూడా విటమిన్ డీని తగ్గిస్తుంది.

బీ12 గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే సెలీనియం కొని బీ12 వదిలేసేవాళ్లే నాకు ఎక్కువ తగిలారు. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గుతుంది. అరికాళ్లు మంటలు, తిమ్మిర్లు, నీరసం వస్తాయి. దాన్ని కొందరు షుగరు ఖాతాలో, కొందరు హెచ్‌ఐవీ ఖాతాలో రాసేసుకుంటారు. రక్త పరీక్షలో ఎంసీవీ (ఎర్ర రక్తకణాల సగటు సైజు) అనే అంకె పెరిగి ఉంటే బీ12 లోపమేమో అని అనుమానిస్తాం. కానీ జిడోవుడిన్ అనే హెచ్‌ఐవీ మందు వాడేవాళ్లలో ఆ మందు వల్లే ఎంసీవీ పెరుగుతుంది, కాబట్టి వాళ్లకు బీ12 విడిగా చూడాల్సిందే. ఇంకోటి, డోలుటెగ్రావిర్ రక్తంలో మెట్‌ఫార్మిన్‌ను పెంచుతుంది. రెండూ కలిసినప్పుడు మెట్‌ఫార్మిన్ రోజుకు 1,000 మిల్లీగ్రాములు దాటకుండా చూస్తాం. మీ ఆయనకు షుగరు ఉంటే, బయటి డాక్టరు దగ్గర వాడుతుంటే, ఆ డాక్టరుకు టీఎల్‌డీ సంగతి తెలిసి తీరాలి. హెచ్‌ఐవీ సంగతి గోప్యంగా ఉంచాలని 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టమే చెబుతోంది, డాక్టరు దగ్గర దాచాల్సిన పని లేదు.

సెలీనియం పరీక్ష చేయించమంటారా అని అడుగుతారేమో. వద్దు. జ్వరం వచ్చినా, ఇన్ఫెక్షన్ ఉన్నా ఆ అంకె దానంతట అదే దిగుతుంది. తక్కువ వచ్చిన కాగితం చూసి టెన్షన్ పడి మళ్లీ డబ్బా కొంటారు.

తిండి విషయానికి వస్తే మనది అదృష్టమైన ప్రాంతం. ఒక కోడిగుడ్డులో సుమారు 15 మైక్రోగ్రాముల సెలీనియం ఉంటుంది. సముద్రపు చేప, రొయ్యలు అయితే వంద గ్రాముల్లో సాధారణంగా 30 పైనే. రోజుకు కావలసింది 40 అని చెప్పాను కదా, రెండు గుడ్లు, కాస్త పప్పూ అన్నం అయితే లెక్క దాదాపు అయిపోయినట్లే. కొత్తపట్నం, రామాయపట్నం, జువ్వలదిన్నె ఒడ్డున దిగే కానాగంతలు, నెత్తళ్లు ఖరీదైనవి కావు, వంజరమే కావాలని పట్టుబట్టకండి. మామిడికాయ వేసి పులుసు పెడితే మర్నాటికి ఇంకా బాగుంటుంది, లారీలో క్యారేజీ కట్టుకోవడానికీ పనికొస్తుంది. కనిగిరి, పొదిలి, దర్శి వైపు సముద్రం దూరమే కానీ సంతలో ఎండు చేపలు దొరుకుతాయి. బీపీ ఉంటే ఉప్పు చూసుకుని, బాగా కడిగి వండండి. వారానికోసారి వేట కార్జం చిన్న ముక్క తింటే ఐరన్, బీ12, సెలీనియం మూడూ ఒకేసారి అందుతాయి. శాకాహారులైతే పప్పులు, వేరుశనగ, నువ్వులు, పెరుగు, అవకాశం ఉంటే సజ్జ రొట్టె. నేలను బట్టి ధాన్యంలో సెలీనియం మారుతుంది, పంజాబ్‌లో కొన్ని చోట్ల గోధుమల్లో మోతాదు మించి ఉంటుంది కూడా. అందుకే ఒకే ధాన్యం మీద ఆధారపడకుండా మార్చి మార్చి తినమంటాం. శాకాహారులు బీ12 మాత్రం డాక్టరుని అడిగి మాత్ర రూపంలో వేసుకోవాలి, ఆకుకూరల్లో అది ఉండదు.

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు లక్షణాలేమీ లేకపోతే మామూలు కన్నా పది శాతం ఎక్కువ శక్తినిచ్చే తిండి కావాలని, విటమిన్లూ ఖనిజాలూ అందరికీ కావలసినంతే చాలని డబ్ల్యూహెచ్‌ఓ 2003లోనే చెప్పింది. పది శాతం అంటే ఒక పెద్ద ముద్ద అన్నం, ఒక గ్లాసు పాలు. డోలుటెగ్రావిర్ వచ్చాక చాలామందికి బరువు పెరగడమే కొత్త సమస్యగా ఉంది. బలం పేరుతో నెయ్యి గిన్నెలు ముందు పెట్టకండి.

మాత్రలు నిజంగా అవసరమయ్యే వాళ్లూ ఉన్నారు. నెలల తరబడి విరేచనాలు ఉన్నవాళ్లు, టీబీ కూడా తోడైనవాళ్లు, బాగా చిక్కిపోయి ఇప్పుడే ఏఆర్‌టీ మొదలుపెట్టినవాళ్లు, ముద్ద దిగని ముసలివాళ్లు. వాళ్లకు మామూలు మోతాదు మల్టీవిటమిన్ కొన్ని నెలలు నేనే రాస్తాను, వేళ చెప్పి మరీ. టీబీ రాకుండా ఐసోనియాజిడ్ ఇచ్చేటప్పుడు బీ6 తోడుగా ఇస్తారు, దాన్ని ‘బలం మాత్రే కదా’ అని పక్కన పెట్టకూడదు. అది నరాలు దెబ్బతినకుండా కాపాడేది. మీ ఆయన ఈ కోవలో ఏదీ కాదు, మీరు రాసినదాన్ని బట్టి.

ఆ డబ్బా అమ్మినాయన ‘ఇది వాడుతుంటే ఆ ఇంగ్లీషు మందులు మెల్లగా తగ్గించొచ్చు’ అని అన్నారా? మీరు రాయలేదు కానీ, అడుగుతున్నాను. సాధారణంగా రెండో నెలలో ఆ మాట వస్తుంది. వస్తే ఆయనతో ఆ బేరం అక్కడికక్కడే ముగించండి. టీఎల్‌డీ ఆపిన కొన్ని వారాలకే వైరస్ మళ్లీ లేస్తుంది, ఎంత సెలీనియం మింగినా.

కొన్న డబ్బా వెనక లేబుల్ ఫోటో తీసి, తర్వాతి సారి మందులకు వెళ్లినప్పుడు ఏఆర్‌టీ సెంటర్‌లో డాక్టరుకో ఫార్మసిస్టుకో చూపించండి. అందాకా డబ్బా పక్కన పెట్టండి. అక్కడికి వెళ్లేలోపు సందేహం ఉంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయొచ్చు, ఉచితం. హిమోగ్లోబిన్, ఎంసీవీ, బీ12, టీఎస్‌హెచ్, క్రియాటినిన్ అంకెలు చేతికొచ్చాక ఇక్కడ రాయండి, పాత క్రియాటినిన్ ఉంటే అది కూడా. కాగితం ఫోటో పెట్టేటట్లయితే పేరు, ఏఆర్‌టీ నంబరు చెరిపేసి పెట్టండి.